పేరు చెప్పకుండా అడిగిన ప్రశ్నలు

మా మీద లెక్కలు తీసినవాళ్ళకు కొదవ లేదు. మేమెంతమందిమి, ఎంతమంది పిల్లల్ని కంటున్నాం, ఏం తింటున్నాం, క్రికెట్ మ్యాచ్‌లో ఎవరికి చప్పట్లు కొడుతున్నాం - ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, రాసుకుంటూనే ఉన్నారు. కాగితం, కలం పట్టుకుని ఎదుటివాణ్ణి అడిగే వంతు మాత్రం మాకు ఎప్పుడోగానీ రాలేదు. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవాళ్ళు ఇరవై అయిదు మందికి ఒకరు, పీజీ చదివేవాళ్ళు యాభై మందికి ఒకరు ముస్లింలని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మేం ఎమ్మే సైకాలజీలో చేరింది అంతకు చాలా ముందు, 1993లో. మాది అంత పేరున్న చోటు కాదు. అయినా క్లాసులో సాయిబుల పిల్లలం ఇద్దరమే.

ఇద్దరం ఆడపిల్లలం. ఒకే హాస్టలు గది. ఇక్కడ 'మేం' అని రాస్తున్నది ఆ ఇద్దరం కలిసే. ఈ 'మేం' అనే మాట ఎక్కడ నిలబడిందో, ఎక్కడ బీటలిచ్చిందో చెప్పడానికే ఇదంతా.

మాలో ఒకరు షేకుల ఇంటి పిల్ల. ఇంట్లో ఉర్దూ. పేరు చెబితే చాలు, ఎదుటివాళ్ళ ముఖంలో ఏదో ఒకటి సర్దుకుంటుంది. చిరునవ్వయినా సరే, అది సర్దుకుని వచ్చిన చిరునవ్వే. రెండో ఆమె దూదేకుల పిల్ల. ఇంట్లో తెలుగు. వాళ్ళమ్మ బొట్టు పెట్టుకుంటుంది. నాయన మసీదుకెళ్ళేది రెండు పండగలకే. ఆమె పేరు మస్తాన్ అనే మాటతో మొదలవుతుంది. గుంటూరు, నెల్లూరు వైపు దర్గాకు మొక్కుకుని పిల్లలకు మస్తాన్ పేరు పెట్టుకునే హిందువుల ఇళ్ళు చాలా ఉన్నాయి. కాబట్టి ఆ పేరు విని ఎవరూ ఏమీ సర్దుకోరు.

1992 డిసెంబరు 6 దాటి ఏడాదైనా కాలేదు. సోషల్ సైకాలజీలో ప్రిజుడిస్ అనే పాఠం వచ్చింది. మావైపు చూడకుండా ఆ పాఠం చెప్పడానికి లెక్చరరు గారు పడిన పాట్లు మాకిప్పటికీ గుర్తే. అమెరికాలో నల్లవాళ్ళు, జర్మనీలో యూదులు - ప్రపంచమంతా తిరిగొచ్చారు పాపం, మా ఊరి రైలుకట్ట మాత్రం దాటలేదు. ఆ పాఠంలోనే ముజఫర్ షెరీఫ్ అనే పేరు తగిలింది. ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. మనవాడే! పుస్తకమంతా ఆల్‌పోర్టులూ, ఫెస్టింజర్లూ ఉన్నచోట ఒక షెరీఫ్. టర్కీలో పుట్టి అమెరికా వెళ్ళినవాడు. 1954లో ఓక్లహామాలోని రాబర్స్ కేవ్ అనే చోట 22 మంది మగపిల్లలతో వేసవి శిబిరం నడిపాడు. అందరూ పదకొండేళ్ళ వాళ్ళు, అందరూ తెల్లవాళ్ళు, అందరూ ప్రొటెస్టెంట్లు. రెండు జట్లుగా చేసి పోటీలు పెట్టి, గెలిచినవాళ్ళకే బహుమతులన్నాడు. నాలుగు రోజులు తిరక్కుండా జెండాలు తగలబెట్టుకున్నారు, గుడిసెల మీద దాడులు చేసుకున్నారు. ఒకే మతం, ఒకే రంగు పిల్లలు! తర్వాత నీళ్ళ ట్యాంకు పనిచేయకుండా చేసి, అందరూ కలిస్తే తప్ప నీళ్ళు రావన్నప్పుడు మళ్ళీ కలిశారు.

పేరు చూసి మనవాడని గంతేయడం ఏమిటో అదే పుస్తకంలో నాలుగు పేజీల తర్వాత ఉంది. అది చదివి నవ్వుకున్నాం. నవ్వుకున్నా, ఆ పేరు దగ్గర పెన్సిలు గీత మాత్రం చెరపలేదు.

రెండో ఏడు డిసర్టేషన్. బొగార్డస్ అనే అమెరికన్ 1925లో తయారుచేసిన సామాజిక దూరం స్కేలు తీసుకున్నాం. తేలికైనది, ఖర్చులేనిది. ఒక కాగితం మీద ఏడు గళ్ళు. ఫలానా వాళ్ళను పెళ్ళి సంబంధంతో చుట్టాలుగా చేసుకుంటారా? స్నేహితులుగా? ఇరుగుపొరుగుగా? మీరు పనిచేసే చోట తోటివాళ్ళుగా? దేశ పౌరులుగా? వచ్చిపోయే అతిథులుగా మాత్రమేనా? అసలు దేశంలోకే రానివ్వరా? ఏడో గడి ఓడ దిగి అమెరికాకు వలస వచ్చేవాళ్ళ కోసం రాసుకున్నది. తాతముత్తాతల గోరీలు ఇక్కడే ఉన్నవాళ్ళకి ఆ గడి ఎట్లా సరిపోతుందని గైడు గారిని అడిగాం. "స్కేలు మారిస్తే పోల్చడానికి ఏం మిగులుతుందమ్మా" అన్నారు. శాస్త్రం ప్రకారం ఆయన మాట నిజమే. ఏడో గడి అట్లాగే ఉంచాం.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. గైడు గారు మంచి మనిషి. మా ఫీజు తక్కువైతే ఒకసారి జేబులోంచి కట్టారు కూడా. ఆయనే అన్నారు: "నువ్వెళితే మర్యాదకి మంచి మాటలు చెప్తారు. ఆ అమ్మాయి వెళితే నిజం చెప్తారు. పేరు మార్చుకోమనడం లేదు, అబద్ధం ఆడమనడం లేదు. అడగనిది చెప్పొద్దు, అంతే."

ఇద్దరం చెరిసగం ఇళ్ళు పంచుకున్నాం. ఒకే వీధులు, ఒకే కాగితం. తేడా వస్తే అది అడిగినవాళ్ళ పేరులోని తేడా అవుతుంది. చదువుకునే పిల్లలకి ఇంతకంటే ముచ్చటైన పథకం ఏముంటుంది! మేం కొలవబోయేది మా మీద ఉన్న అభిప్రాయమని, ఆ కొలతబద్దను మోసుకెళ్ళేదీ మేమేనని అప్పుడు తట్టలేదు.

షేకుల పిల్ల వెళ్ళిన ఇళ్ళలో అంతా మంచే. "మాకు అట్లాంటి తేడాల్లేవమ్మా. మా నాన్నగారి ప్రాణస్నేహితుడు సాయిబుగారే. పీర్ల పండక్కి మేమూ చదివింపులిచ్చేవాళ్ళం." చాలామంది మొదటి మూడు గళ్ళూ టిక్కు పెట్టారు. ఒక పెద్దాయన 'ఇరుగుపొరుగుగా' అన్న గడి దగ్గర రెండుసార్లు గీశాడు, అంత గట్టిగా. బయటికొస్తుంటే గేటుకు టులెట్ బోర్డు కనబడింది. ఊరికే, అద్దెంతండీ అని అడిగింది. "అది మా తమ్ముడొస్తున్నాడని ఉంచామమ్మా" అన్నాడు. బోర్డు మరో రెండు నెలలు అక్కడే ఉంది. ఆ తమ్ముడు ఏ దేశం నుంచి నడిచొస్తున్నాడో!

దీని గురించి ఒక పాత కథ మా సిలబస్‌లోనే ఉంది. 1930ల మొదట్లో లాపియర్ అనే ప్రొఫెసర్ ఒక చైనా జంటతో కలిసి అమెరికా అంతా కారులో తిరిగాడు. 250కి పైగా హోటళ్ళలో, సత్రాల్లో ఆగితే ఒక్కచోట మాత్రమే పొమ్మన్నారు. తర్వాత అవే చోట్లకి ఉత్తరాలు రాశాడు, చైనావాళ్ళని రానిస్తారా అని. 128 జవాబులొచ్చాయి. నూటికి తొంభై మందికి పైగా రానివ్వమనే రాశారు. కాగితం మీద కాదన్నవాళ్ళు మనిషి ఎదురుగా నిలబడితే కాదనలేకపోయారు. మా ఊళ్ళో తిరగబడి జరిగింది. కాగితం మీద గట్టిగా టిక్కు పెట్టిన చెయ్యి తాళం చెవి దగ్గర ఆగిపోయింది. లాపియర్ 1934లో రాసిన ఆ వ్యాసంలో ఇంకో ముక్క ఉంది, పరీక్షల్లో ఎవరూ అడగనిది. తాను లెక్క రాసుకుంటున్న సంగతి ఆయన ఆ చైనా జంటకి చెప్పలేదు. చెబితే సహజంగా ఉండలేరని. వేల మైళ్ళు పక్కన కూర్చుని తిరిగిన స్నేహితులు వాళ్ళు. గడ్డం కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు అంటారు చూడండి, ఆ మాట మాకు అక్కడ గుర్తొచ్చింది. అయితే ఇక్కడ గడ్డమూ మాదే, చుట్టా మాదే.

ఇక దూదేకుల పిల్ల వెళ్ళిన ఇళ్ళు.

ఒక ఇల్లు చెబితే చాలు. మధ్యాహ్నం ఎండ. యాభై దాటిన ఇల్లాలు. కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, మజ్జిగలో కరివేపాకు వేసి ఇచ్చింది. "మీరేవిట్లమ్మా?" అని అడిగింది. మా పిల్ల "బీసీలమండీ" అంది. దూదేకులవాళ్ళు బీసీ-బి జాబితాలో ఉన్నారు. అది అబద్ధం కాదు. కానీ అంత నిజమైన అబద్ధం ఇంకోటి లేదు. ఆవిడ స్థిమితపడింది. ఒక్కో గడికీ తీరిగ్గా జవాబు చెప్పింది. పెళ్ళి మాట వినగానే చెవులు మూసుకుంది. స్నేహం దగ్గర "ఎంత మంచోళ్ళయినా లోపల ఒకటి ఉంటుందమ్మా" అంది. ఇరుగుపొరుగు దగ్గర మాంసం వాసన గురించి చెప్పింది. వాళ్ళింట్లో ఆ పొద్దు చేపల పులుసు ఉడుకుతోంది. ఏడో గడి చదవగానే, "వాళ్ళకంటూ ఒక దేశం ఇచ్చారు కదా, వెళ్ళిపోతే వాళ్ళకీ సుఖం, మనకీ సుఖం" అంది. కోపం లేదు గొంతులో. చుట్టాలింటికి వెళ్ళిన కోడలు ఇక పుట్టింటికి రాకపోతే బాగుండునన్నంత మామూలుగా అంది. లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఆ సాయిబుల వీధులవైపు ఒక్కదానివే తిరగబాకమ్మా, ఆడపిల్లవి" అని జాగ్రత్త చెప్పింది.

ఆ రాత్రి హాస్టల్లో మజ్జిగ వాంతయింది. ఎండదెబ్బ అనుకున్నాం.

అప్పట్నుంచీ మా గదిలో నడిచిన వాదం ఒకటే. ఆవిణ్ణి మేం మోసం చేశామా? షేకుల పిల్లకి అనుమానమే లేదు: మోసం ఎట్లా అవుతుంది, మనల్ని దేశం నుంచి వెళ్ళగొట్టమన్న మనిషికి మన ఊరూపేరూ చెప్పుకునే బాకీ ఉందా? దూదేకుల పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. "ఆవిడ ఆ మాటలు నాతో కాదు అన్నది, తన కూతురి వయసు పిల్లతో అన్నది. ఆ పిల్ల లేదు. లేని పిల్లని నేను చూపించాను" అంది. శాస్త్రం ఎవరి పక్షమో చూద్దామని పుస్తకాలు తిరగేశాం. శాస్త్రం ఎప్పుడూ మోసం పక్షమే! యేల్ విశ్వవిద్యాలయంలో మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో ఊరి జనాన్ని పిలిచి, జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని చెప్పి, పక్క గదిలోని మనిషికి కరెంటు షాకులిప్పించాడు. షాకులు ఉత్తివే, అరుపులు నటన. షాకిచ్చినవాళ్ళ చెమటలు మాత్రం నిజమైనవి. అంతా అయ్యాక అసలు సంగతి చెప్పేసి పంపితే సరిపోతుందని పుస్తకం రాసింది. మేం ఆ ఇల్లాలి దగ్గరకి వెళ్ళి అసలు సంగతి చెప్పగలమా? "అమ్మా, మీరు మజ్జిగ ఇచ్చిన పిల్ల తురక పిల్ల" అని? చెబితే ఆవిడ సిగ్గుపడుతుందో, గ్లాసు పారేస్తుందో. రెండూ మేం చూడలేం. వెళ్ళలేదు.

ఈ వాదంలోకి మూడో మనిషిగా టాజ్‌ఫెల్ వచ్చాడు. హెన్రీ టాజ్‌ఫెల్ పోలండ్ యూదుడు. 1919లో పుట్టాడు. ఫ్రాన్సులో చదువుతుండగా యుద్ధం వచ్చింది. ఫ్రెంచి సైన్యంలో చేరి 1940లో జర్మన్లకు పట్టుబడ్డాడు. యూదుణ్ణని ఒప్పుకున్నాడు గానీ పోలండ్ వాడినని చెప్పలేదు, ఫ్రాన్సు వాడినన్నాడు. అయిదేళ్ళు ఆ ఒక్క మాట మీద బతికాడు. కాపలావాళ్ళతో ఎంత చనువున్నా, ఆ ఒక్క సంగతి బయటపడితే ఆ చనువు ఎందుకూ పనికిరాదని ఆయనకి తెలుసు. తిరిగొచ్చేసరికి ఇంటివాళ్ళూ, ఊరివాళ్ళూ దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆయన తర్వాత ఇంగ్లండు వెళ్ళి, సైకాలజీ చదివి, మనుషులు 'మనం-వాళ్ళు'గా ఎట్లా చీలుతారో జీవితమంతా కొలిచాడు. పేరు చెప్పకుండా బతకడం అంటే ఏమిటో తెలిసినవాడు ఈ శాస్త్రానికి ఇటుక పేర్చాడని తెలిసినప్పుడు మా గదిలో కాసేపు వాదం ఆగింది. (ఆయన్నేమీ దేవుణ్ణి చేయడం లేదు. ఆడవాళ్ళతో ఆయన ప్రవర్తన మీద వచ్చిన ఆరోపణల వల్ల 2019లో యూరపు సంఘం ఆయన పేరున్న అవార్డుకి పేరు మార్చేసింది. పేరు వల్ల బాధపడినవాడు ఇంకొకరిని బాధపెట్టడనే హామీ ఎక్కడా లేదు. ఈ సంగతి తర్వాత మా కథలోనూ వస్తుంది.)

టాజ్‌ఫెల్ ప్రయోగం ఒకటి ఈ చదువు చదివిన ప్రతివాళ్ళకీ కంఠస్థం. బ్రిస్టల్లో బడిపిల్లలకి తెర మీద చుక్కలు చూపించి ఎన్నున్నాయో చెప్పమన్నాడు. ఎక్కువ చెప్పినవాళ్ళు ఒక గుంపు, తక్కువ చెప్పినవాళ్ళు ఒక గుంపు అన్నాడు. నిజానికి ఇష్టమొచ్చినట్టు పంచేశాడు. ఎవరు ఏ గుంపో పిల్లలకి తెలియదు, తన గుంపేదో తనకి తెలుసు, అంతే. డబ్బు పంచమంటే తన గుంపుకే ఎక్కువ పంచారు. అంతకంటే వింత, తమ గుంపుకి వచ్చేది తగ్గినా ఫర్వాలేదు, అవతలి గుంపుతో తేడా పెరగాలని చూశారు. చుక్కల మీద! ఈ పాఠం చెప్పి గైడు గారు మమ్మల్ని ఓదార్చబోయారు. "చూశారా, ఇది మనిషి స్వభావం. ఎవర్నీ తప్పు పట్టాల్సింది లేదు."

ఇక్కడ మాత్రం మేం ఇద్దరం ఒకటయ్యాం. ఆకలీ స్వభావమే, దొంగతనానికి అది సంజాయిషీ అవుతుందా? బ్రిస్టల్ పిల్లల దగ్గర ఇద్దరి చేతుల్లోనూ ఒకేలాంటి కాగితం ఉంది, ఒకేలాంటి పెన్సిలు ఉంది. మా ఊళ్ళో టులెట్ బోర్డు ఒకవైపే వేలాడుతుంది. తాళం చెవి ఒకరి బొడ్డులోనే ఉంటుంది. ఆ ఇల్లాలు మా మీద ఏమనుకుంటుందో అది ఇల్లు దొరకడాన్నీ, ఉద్యోగం దొరకడాన్నీ నిర్ణయిస్తుంది. ఆవిడ మీద మేం ఏమనుకుంటే మాత్రం ఆవిడ పులుసులో ఉప్పు తగ్గుతుందా? మనసు పనిచేసే తీరు ఇద్దరిలో ఒకటే కావచ్చు, దాని కింద నలిగే మనిషి ఒక్కరే. శాస్త్రం మొదటి సగం చెప్పి ఆగిపోతే అది శాస్త్రం కాదు, సర్టిఫికెట్టు. ఇంత పొడుగు ఉపన్యాసం గైడు గారి ముందు చెప్పలేదులెండి. గదికొచ్చి గోడలకి చెప్పాం.

అంతటితో డిసర్టేషన్ ముగిస్తే బాగుండేది. మేం ఇంకో అడుగు వేశాం. ఎవరూ వేయమనలేదు. స్కేలు చేతిలో ఉంది, సెలవులొచ్చాయి, మన వీధుల్లో కూడా అడిగి చూద్దామనుకున్నాం. 'ముస్లింలు' అన్నచోట కొట్టేసి 'దూదేకులవాళ్ళు' అని రాసుకున్నాం. ఈసారి ఇద్దరం కలిసే వెళ్ళాం. దాచాల్సిన పేరు లేదు, దాచే అవసరమూ లేదనుకున్నాం. మన ఇల్లే కదా.

మొదటి ఇల్లు షేకుల పిల్లదే. దాదీమా మంచం మీద కూర్చుని ఉంది. ఫుప్పూ షీర్‌ఖుర్మా గిన్నె తెచ్చి దూదేకుల పిల్ల చేతిలో పెట్టి, "ఖావ్ బేటా, హాస్టల్లో ఏం తింటారో ఏమో" అని తల నిమిరింది. ఆ తర్వాత మేం మొదటి గడి చదివాం. ఫుప్పూ "తౌబా" అని రెండు చెంపలూ తాకింది. "వాళ్ళకి ఉర్దూ రాదు, నమాజు రాదు. బొట్లు పెడతారు, పసుపు కుంకాలంటారు. మనోళ్ళెట్లా అవుతారు?" దాదీమా ఇంకా నెమ్మదిగా చెప్పింది. "చెడ్డోళ్ళని కాదు బేటీ. దూది ఏకేవాళ్ళు పరుపులు కుట్టడానికి వస్తారు. కుట్టి పోతారు. మన దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టిందెప్పుడు?" దూదేకుల పిల్ల అప్పుడు ఆ దస్తర్‌ఖాన్ మీదే కూర్చుని ఉంది. గిన్నె ఒళ్ళో ఉంది. ఆమె ఎవరో వాళ్ళకి తెలుసు.

మజ్జిగ ఇచ్చిన ఇంట్లో ఎవరో తెలియక అన్నారు. షీర్‌ఖుర్మా పెట్టిన ఇంట్లో ఎవరో తెలిసే అన్నారు. మొదటి ఇంట్లో నిజం వినడానికి ముసుగు కావాల్సివచ్చింది. రెండో ఇంట్లో ముసుగు వేసుకోవాల్సినంత మర్యాద కూడా ఆమెకి దక్కలేదు. మేం తీసిన లెక్కల్లో పేరు పెట్టుకుని వెళ్ళినా కల్తీ లేకుండా వచ్చింది ఏదైనా ఉంటే, అది మా వీధి లెక్కే.

తెలుగులో 'పింజారి' అనేది ఒక తిట్టు. పత్తి ఏకి, పరుపులు కుట్టి బతికిన ఒక మొత్తం కులం పేరు తిట్టయి కూర్చుంది. ఆ తిట్టు హిందువుల నోట విన్నప్పుడు మేం ఇద్దరం మండిపడేవాళ్ళం. అదే తిట్టు ఉర్దూ యాసలో మా సందుల్లో తిరుగుతుందని మాలో ఒకరికి చిన్నప్పట్నుంచీ తెలుసు, ఇంకొకరికి ఆ రోజే తెలిసింది. అంటే తెలియక కాదు, వినిపించుకోవాల్సిన పని పడలేదు. ఇస్లాంలో కులం లేదు అంటాం. నిజమే, సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడినంతసేపూ లేదు. తర్వాత చెప్పులు వేసుకుంటాం కదా, అక్కడ మొదలవుతుంది. సయ్యదు షేకుని చూసే చూపు, షేకు దూదేకులని చూసే చూపు. మర్నాడు దూదేకుల వీధికెళ్ళి మెహతర్ల గురించి అడిగితే అక్కడా చెంపలు తాకినవాళ్ళున్నారు. ఆ సంగతి దూదేకుల పిల్లే పట్టుబట్టి రాయించింది, తనవాళ్ళని వదలొద్దని.

అయిదో అధ్యాయం తయారైంది. అప్పుడు మేం చేసిన పని చెప్పడానికే ఇంతదూరం వచ్చాం. ఆ అధ్యాయం తీసేశాం.

కారణాలున్నాయి. ఊరి గోడల మీద నినాదాలు ఇంకా ఆరలేదు. మనం దెబ్బలు తిని ఉన్నాం, ఇప్పుడు ఇంట్లో కుళ్ళు వీధిలో పెడితే ఎవరి చేతికి కర్ర ఇచ్చినట్టు? 'చూశారా, వీళ్ళు మాత్రం తక్కువా' అని మొదటి నాలుగు అధ్యాయాలూ కొట్టేయరూ? ఆ భయం ఉత్తది కాదు. ఇప్పటికీ దాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు ఆ రోజుల్లో మా పేర్లతో బతకనివాళ్ళే అయ్యుంటారు. మేం నిర్ణయించాం, తీసేశాం - ఇట్లా రాయడం సులువు. ఎవరు నిర్ణయించారు? షేకుల పిల్ల చెప్పింది, దూదేకుల పిల్ల మాట్లాడలేదు. ఆ మౌనాన్ని ఒప్పుదల కింద రాసుకున్నాం. సోషల్ సైకాలజీలో ఎమ్మే చదువుతున్నవాళ్ళం, గుంపు ఒత్తిడి కింద నోరు మూతపడటం మీద మూడు ప్రశ్నలకి జవాబులు రాసి పాసైనవాళ్ళం! బయటివాళ్ళ ముందు ఒక్కటిగా కనబడాలి, నిజమే. ఆ ఒక్కటిగా కనబడటానికి అయ్యే ఖర్చు ఎప్పుడూ ఒకే ఇంటి నుంచి ఎందుకు వసూలవుతుంది? బయట ఆమె పేరు దాచి నిజం సంపాదించుకున్నాం. లోపల ఆమె పేరుతో దొరికిన నిజాన్ని దాచేశాం. రెండుసార్లూ మాయమైంది ఆమే. ఈ లెక్క ఇద్దరికీ తెలిసి కూడా ముప్పై ఏళ్ళు స్నేహంగా ఉన్నాం. స్నేహం అంటే అదేనేమో, లేకపోతే ఆమె మంచితనం.

తర్వాత శాస్త్రం తన గోచీ తానే సర్దుకోవాల్సిన రోజులొచ్చాయి. 2015లో వంద సైకాలజీ ప్రయోగాల్ని మళ్ళీ చేసి చూస్తే మూడో వంతుకి కాస్త పైన మాత్రమే నిలబడ్డాయి. అనుకున్న ఫలితం రాకపోతే కాగితాలు సొరుగులో పడేస్తారని రోసెంతాల్ అనే ఆయన 1979లోనే రాశాడు. దానికి సొరుగు సమస్య అని పేరే పెట్టారు. మా షెరీఫ్ కూడా తప్పించుకోలేదు. రాబర్స్ కేవ్‌కి ముందు ఏడు, 1953లో, న్యూయార్క్ రాష్ట్రంలో మరో శిబిరం పెట్టాడు. అక్కడ పిల్లలు పెద్దవాళ్ళే తగువు పెడుతున్నారని పసిగట్టి కొట్టుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ ప్రయోగం మధ్యలోనే ఎత్తేశారు. కొట్టుకున్న పిల్లలు పాఠ్యపుస్తకాలకెక్కారు. కొట్టుకోని పిల్లల సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. అది చదివినప్పుడు మాకు మా అయిదో అధ్యాయం గుర్తొచ్చింది. మాది ఫలితం రాక దాచింది కాదు, వచ్చి దాచింది.

పేరు దాచకుండా అడగడానికి వేరే దారి ఉందని కూడా తర్వాతే తెలిసింది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి ఒకే రకం చదువున్న దరఖాస్తులు పంపారు, పేర్లు మాత్రం వేరు. ఒకటి అగ్రకుల హిందువు పేరు, ఒకటి దళితుడి పేరు, ఒకటి ముస్లిం పేరు. పిలుపొచ్చే అవకాశం అగ్రకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకి మూడింట రెండొంతులు, ముస్లిం పేరుకి మూడో వంతు. ఎవరి పిల్లా ఎండలో తిరగలేదు, ఎవరి మజ్జిగా తాగలేదు. ఇదీ మోసమేగా అంటే, మోసమే. లేని మనుషుల దరఖాస్తులు అవి. కానీ అక్కడ పేర్లు దాచలేదు, పేర్లనే పంపారు. ఆ లెక్క చూసి మేం సంతోషించామంటే నవ్వుతారు. మూడో వంతు అని చూసి సంతోషమా? మేం పడ్డదానికి ఒక అంకె దొరికిందన్న సంతోషం. అయితే ఆ మూడు పేర్లలో మస్తాన్ పేరు ఉంటే ఏమయ్యేదో అని దూదేకుల పిల్ల అడిగింది. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆమె ఇప్పుడు ఒక ఆడపిల్లల కాలేజీలో సైకాలజీ చెబుతోంది. ప్రిజుడిస్ పాఠం వచ్చినప్పుడు ముందు తన పేరూ, ఊరూ, కులం పేరూ బోర్డు మీద రాసి మొదలుపెడుతుందట. కొంతమంది పిల్లలు ఆ పేరు చూసి నవ్వుతారు, తిట్టు అనుకుని. నవ్వనిస్తుందట.

పోయిన ఏడు సొరుగు సర్దుతుంటే ఆ కాగితాలు దొరికాయి. ఇద్దరం కూర్చుని ఒక్కోటీ చూశాం. ఇల్లాలి కాగితం మీద మజ్జిగ మరక పసుపుపచ్చగా మిగిలింది. దాదీమా కాగితం అడుగున ఉంది. ఏడు గళ్ళలో ఆరింటి దగ్గర మేం రాసుకున్న జవాబులున్నాయి. ఏడో గడి, దేశంలోకి రానివ్వాలా వద్దా అన్నది, ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా వదిలామో గుర్తు చేసుకున్నాం. ఆ గడి చదివి అర్థం చెప్పగానే దాదీమా నవ్వింది. "వాళ్ళని వెళ్ళగొట్టడమేంటే పిచ్చిదానా, వాళ్ళు కుట్టిన పరుపు మీదేగా కూర్చున్నా" అంది. అది ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశాం. ఫుప్పూ గిన్నె తీసుకుని లోపలికెళ్ళింది. గిన్నె కడిగిన చప్పుడు రెండుసార్లు వినిపించిందని దూదేకుల పిల్ల అంది. ఒకసారే అని షేకుల పిల్ల అంది. ఆ సంగతి మీద మేం ఇంకా ఒక మాట మీదకి రాలేదు.